పసుపు కథ సరే, పోచంపల్లి మాటేమిటి?

2018 మే నెలలో కేంద్ర ప్రభుత్వం దేశానికో అమ్మమ్మను ప్రసాదించింది. పేరు ఐపీ నాని. కంప్యూటర్లూ గట్రా బాగా తెలిసిన పెద్దావిడ. ఛోటూ అనే మనవణ్ని వెంటేసుకుని దొంగ సరుకు వాళ్ల ఆట కట్టిస్తుంటుంది, కార్టూన్లలో. మేధో సంపత్తి హక్కుల గురించి అధికారులు చెబితే జనం ఆవలిస్తారు కాబట్టి, ఆ పని అమ్మమ్మకు అప్పగించారన్నమాట.

ప్రభుత్వం దీన్ని చిన్న పనిగా ఏమీ చూడలేదు. 2016లో వచ్చిన జాతీయ మేధో హక్కుల విధానంలో ఏడు లక్ష్యాలుంటే, అవగాహన పెంచడమే మొదటిది. 2021 డిసెంబరులో అందుకోసం ఏకంగా ఒక మిషన్ పెట్టారు. 2022 ఆగస్టు 15 నాటికి పది లక్షల మంది విద్యార్థులకు పాఠం చెప్పాలనుకున్నారు. జులై 31కే అయిపోయిందని ప్రకటన వచ్చింది. సర్కారీ పని గడువుకు పక్షం రోజుల ముందే తెమిలిందంటే, ముందు ఆ కిటుక్కే పేటెంటు తీసుకోవాల్సింది.

మేధో హక్కుల మీద ఏ సదస్సుకు వెళ్లినా పసుపు కథ తప్పదు. సత్యనారాయణ వ్రతంలో కథ విననిదే ప్రసాదం పెట్టరు. ఇక్కడ పసుపు కథ విననిదే సమోసా రాదు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం 1995లో పేటెంటు పొందింది. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందేసి, కొట్లాడి 1997లో రద్దు చేయించింది. చప్పట్లు. ఆ పేటెంటు మీద పేర్లున్న ఇద్దరూ భారతీయ మూలాలవాళ్లేనన్న ముక్కను వక్తలు మింగేస్తారు. ఎదుటివాడు పూర్తిగా పరాయివాడైతేనే కదా కథ రక్తి కట్టేది!

చట్టం జనానికిచ్చిన వెసులుబాట్ల గురించీ ఎవరూ నోరు విప్పరు. పెళ్లి ఊరేగింపులో సినిమా పాట పెట్టుకుంటే అది ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. అయినా రాయల్టీ కట్టమంటున్నారని ఫిర్యాదులొస్తే, 2023 జులైలో కేంద్రం కాగితం మీద రాసి గుర్తుచేయాల్సి వచ్చింది. ఈ సంగతి తెలిస్తే డీజే వాళ్లు ఆ కాగితానికి ఫ్రేము కట్టించుకునేవారు. (శబ్దానికి వేరే చట్టముంది, అది వేరే గొడవ.)

ఇక సినిమాల సంగతి. దొంగచాటుగా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం మూడు లక్షల జరిమానా అని 2023లో చట్టం సవరించారు. అయినా 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నిర్వాహకుడంటూ హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో దండలు పోలీసులకు కాక అతనికి పడ్డాయి. టికెట్ రేటు చూడండి, పాప్‌కార్న్ రేటు చూడండి అన్నారు. పాప్‌కార్న్ సంగతి నిజమే. మేధో హక్కంటే హీరోలదీ కంపెనీలదీ అయిన సొమ్మని జనం మనసులో ముద్ర పడిపోయింది. ఉన్నవాడిది రవ్వంత పోతే ఏం పోయింది? లేనివాడికీ అదే హక్కుందని వాళ్లకు చెప్పిందెవరు గనుక?

పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. భౌగోళిక గుర్తింపు, అంటే పుట్టిన ఊరి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ, దేశంలో మొదట్లోనే అందుకున్న సరుకుల్లో అదొకటి. వచ్చి రెండు దశాబ్దాలైంది. ఇవాళ ఏ బట్టల కొట్టుకెళ్లినా ‘పోచంపల్లి ప్రింట్’ దొరుకుతుంది. నేయకముందే నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, ఆ పోగులను మగ్గం మీద వరస తప్పకుండా కూరిస్తే వచ్చేది ఇక్కత్. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. పోగుపోగుకూ రంగు పట్టి ఉంటుంది కాబట్టి చీర తిరగేసినా అదే పువ్వు. ప్రింటు చీరను తిరగేస్తే పువ్వు వెలవెలబోతుంది. తెలివిమీరినవాళ్లు ఆ చెదిరిన అంచును కూడా అచ్చేస్తున్నారు. నేతగాడు తప్పించుకోలేని చెదురు, యంత్రానికి సోకైంది.

‘‘ఇది పోచంపల్లేనా బాబూ?’’

‘‘పోచంపల్లి డిజైనమ్మా. పట్టుకెళ్లండి, ఎన్నిసార్లు ఉతికినా ఏం కాదు.’’

తప్పుడు పేరుతో అమ్మితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అని 1999 నాటి చట్టం చెబుతోంది. పట్టించేదెవరు? నేతగాడు తన పేరు మీద కొట్లాడాలంటే, ఆ గుర్తింపు వాడుకునే అర్హుడిగా చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ దరఖాస్తు ఫీజును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పదే! మంచి టీ కూడా రాదు. ఆ కబురు మగ్గం గుంట దాకా మోయడానికి మాత్రం ఏ మిషనూ గడువు పెట్టుకోలేదు. గుర్తింపు పొందిన సరుకులకు 2018లో ఒక లోగో, దాని కింద హిందీలో ఒక నినాదం అయితే వచ్చాయి.

చదువు లేనివాళ్లకు పేటెంట్లు ఏం అర్థమవుతాయని పెదవి విరిచే పెద్దలున్నారు. చిన్నప్పుడే బడి మానేసిన చింతకింది మల్లేశం సంగతి వాళ్లు విన్నట్టు లేదు. నేతకు ముందు నూలును ఆసు పోయడానికి రోజూ వేల సార్లు చెయ్యి ఆడించి తల్లి భుజం నొప్పితో అల్లాడుతుంటే చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. దాన్ని ఎంతమంది టికెట్ కొని చూశారు, ఎంతమంది ఫోన్లో ఊరికే చూశారు అని మాత్రం అడగొద్దు.