మస్తరుకు మేలిముసుగు

మన సర్కారు కాగితాలకు ఈ మధ్య సిగ్గు ముంచుకొచ్చింది. 2025 నవంబరు 14 నుంచి మరీను. వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 44(3) ఆ రోజు అమల్లోకొచ్చి, సమాచార హక్కు చట్టం 8(1)(జె)లోని షరతులన్నిటినీ ఊడ్చేసింది. ఇదివరకు ఒకరి వివరాలు దాచాలంటే, ప్రజా వ్యవహారంతో వాటికి సంబంధం లేదనో, ఇస్తే ఆ మనిషి గుట్టు అనవసరంగా రట్టవుతుందనో అధికారి చూపాల్సి వచ్చేది. శాసనసభకు కాదనలేనిది మామూలు మనిషికీ కాదనకూడదన్న మాటా అక్కడే ఉండేది. ఇప్పుడు ‘వ్యక్తిగతం’ అనేస్తే సరి, ఫైలు కట్టేయొచ్చు.

విశాఖలో ఈ మాటకు బోలెడు గిరాకీ. ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కార్మికుడొకడు కూర్మన్నపాలెం నుంచి 10 రూపాయలు కట్టి, మస్తరులో ఎవరెవరి పేర్లున్నాయో, ఎవరికి పీఎఫ్ జమైందో అడిగాడనుకోండి. పేరు వ్యక్తిగతం, పీఎఫ్ వ్యక్తిగతం. లేని మనిషి పేరిట కూలి రాసుంటే? అయ్యో, ఆ లేనివాడి గోప్యత ఇంకా సున్నితం! భూరికార్డులు తారుమారయ్యాయని 2017లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేయించుకున్న ఊరిది. ఫలానా సర్వే నంబరు ఎవరి పేరుకు ఎలా మారిందని రేపు అడిగితే, పేరుంది గనుక అదీ అంతఃపురమే. పోర్టు బొగ్గు ధూళి మాత్రం జ్ఞానాపురం ఇళ్లలోకి అనుమతి అడక్కుండానే వస్తుంది.

మన గుట్టు సంగతి వేరు లెండి. 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా బయటపడ్డాయి. అప్పుడీ సిగ్గు ఏ బీరువాలో నిద్రపోయిందో! కొత్త డేటా రక్షణ చట్టమూ తక్కువ తినలేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు 17వ సెక్షన్‌లో మినహాయింపు రాసిపెట్టింది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు చెప్పింది. కాదన్నదెవరు? కార్మికుడి ఆస్పత్రి చీటీ దాచండి, ఫోన్ నంబరు కొట్టేయండి. జనం డబ్బుతో చెల్లించిన బిల్లుకేమిటి గుట్టు? పైగా అధికారుల నెలజీతాలు, రాయితీలు పొందినవారి వివరాలు అడక్కుండానే ప్రకటించాలన్న 4(1)(బి) సమాచార హక్కు చట్టంలో చెక్కుచెదరకుండా ఉంది.

8(2) కూడా బతికే ఉంది: కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చు. దాన్ని అధికారులు తమంతట తాము తలుచుకోరు. కాబట్టి దరఖాస్తులో ఆ సెక్షన్ మీరే రాయండి, ప్రజాప్రయోజనం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.