మూడు కాన్పుల కాయితాలు

నేను బటన్ నొక్కి మూసే నీలం ప్లాస్టిక్ ఫైలుని. 2014లో తిరుపతి ప్రసూతి ఆసుపత్రి దగ్గర జిరాక్స్ అంగట్లో నన్ను కొన్నది పాకాల వైపు నుంచి వచ్చిన ఒక అత్త. పక్కన కోడలు, మూడో నెల. "ఒక్క కాయితం కూడా పోకూడదు మే, అన్నీ దీంట్లోనే పెట్టు" అంది. ఆ మాట ఇన్నేళ్లూ నేనే మోస్తున్నాను.

బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్ కాయితాల వెనకే డబుల్ మార్కర్ రిపోర్టు వచ్చి చేరింది. 11 వారాలు నిండాక, 14 వారాల లోపల తల్లి చేతి నుంచి తీసిన రక్తంలో ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ అని రెండింటిని కొలుస్తారు. రెండూ మాయ నుంచి పుట్టేవే. కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటే చాలాసార్లు మొదటిది మామూలుకు రెండింతలవుతుంది, రెండోది సగానికి పడిపోతుంది. దానికి తల్లి వయసు, బరువు, వారాల లెక్క కలిపి, బిడ్డకు అది ఉండే అవకాశం ఎంతో ఒక అంకె తేలుస్తారు. (ఆ వారాల లెక్క తప్పిందా, అంకె కూడా తప్పుతుంది. అందుకే చివరి నెలసరి తేదీ కన్నా స్కాన్‌లో బిడ్డ పొడవునే నమ్ముతారు.) మా అమ్మాయి కాయితం మీద 1:210 అని ఉంది. ఆ ల్యాబు పెట్టుకున్న గీత 1:250.

ఇంట్లో ఆ అంకెను ఎవరూ చదవలేదు. పక్కనున్న "హై రిస్క్" అనే రెండు మాటలే చదివారు. అదే అంకె 210 మంది తల్లులకు వస్తే 209 మందికి డౌన్ సిండ్రోమ్ లేని బిడ్డలే పుడతారని చెప్పే దిక్కు లేదు. రిపోర్టు చేతికిచ్చిన చోట "డాక్టర్‌ని కలవండి" అన్నారు, అంతే. పక్కింటామె వచ్చి, "సొంత మేనమామను చేసుకుంటే ఇట్లనే అయితాది" అనేసి పోయింది. మేనరికంతో వచ్చే జబ్బులు ఉన్నమాట నిజమే. కానీ డౌన్ సిండ్రోమ్‌కు కారణమైన, 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు కావడం సాధారణంగా వంశాన్ని బట్టి రాదు. అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటది, తల్లి వయసుతో పాటు పెరిగేది. ఆ సంగతి తెలియక ఆ పిల్ల మూడు రాత్రులు నన్ను దిండు కింద పెట్టుకుని ఏడ్చింది. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

పాకాలలో రైలెక్కి, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగి, రాయవేలూరు పోయినాము. 16వ వారంలో సూదితో ఉమ్మనీరు తీశారు. రెండు వారాలకు పైగా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. క్రోమోజోములు మామూలుగానే 46 అని కాయితం వచ్చింది. ఆడో మగో మాత్రం రాయలేదు, పుట్టకముందే అది చెప్పకూడదన్న 1994 చట్టం రాయనివ్వదు. కాన్పయ్యాక తెలిసింది, పాప.

2018లో రెండోసారి. మళ్లీ గీత దాటింది, 1:230. "మళ్లీనా!" అని ఆమె కుర్చీలో కూలబడింది. ఈసారి చూసిన డాక్టరమ్మ, "ముందు కాన్పు రిపోర్టు ఉందామ్మా?" అని అడిగింది. నా బతుక్కి అంతకన్నా పెద్ద రోజు లేదు. రెండు కాయితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. రెండింట్లోనూ హెచ్‌సీజీ మామూలుకు రెండింతల పైనే. "కొందరి ఒంటి తీరే అంతమ్మా. ఒక కాన్పులో ఉన్న లెక్కే తర్వాతి కాన్పులోనూ కొంతవరకు కనబడుతుంది. ఒకసారి ఉత్తినే భయపెట్టిన పరీక్ష రెండోసారి కూడా భయపెట్టే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. అట్లని వదిలేయకూడదు, చూసుకోవాల్సిందే" అంది. ఈసారి సూది లేకుండా, తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్ఏ ముక్కలను చూసే పరీక్ష రాసింది. ఆ ముక్కలు తల్లి రక్తంలో ఉంటాయని హాంకాంగ్ డాక్టరు డెన్నిస్ లో బృందం 1997లో బయటపెట్టింది. రిస్కు తక్కువని వచ్చింది. పిల్లోడు పుట్టాడు.

2024లో మూడోసారి. ఆమెకు 34. వయసుతో అంకె బరువెక్కుతుందని ఆమెకు తెలుసు. ఎవరూ అడగకముందే పాత కాయితాలు వరసగా సర్ది పెట్టుకుంది. తిరుపతిలో రక్తం ఇవ్వడానికి బెంచీ మీద కూర్చుంటే, తొమ్మిదేళ్ల పాప నన్ను ఒళ్లో పెట్టుకుని బటన్ తీసింది.

"దీంట్లో నేనుండానా మా?"

ఆమె మొదటి కాయితం పైకి లాగి, 1:210 మీద వేలు పెట్టింది. "ఇదో, ఈడుండావు."

పాప ఆ అంకె వైపు చూస్తుండగానే లోపల్నుంచి పిలుపు వచ్చింది.