బీడీది కూడా ఆకే కదా కాకా!

పిట్లంలో నాందేడు సడక్ పక్కన చాయ్ హోటల్లో రోజూ పొద్దున వైద్య సదస్సు జరుగుతుంది. అధ్యక్షుడు ఉండడు, బిల్లు కట్టేవాడు అసలే ఉండడు. మొన్నటి సదస్సులో ఒక తీర్మానం ఏకగ్రీవమైంది: చాయ్ తాగేవాడికి పక్షవాతం రాదు.

"కాకా, బీపీ గోలీ ఏసుకున్నవా?" అని అడిగితే, "మూడో చాయ్ నడుస్తున్నది, ఇంక గోలీ ఎందుకురా?" అన్నాడు పెద్దమనిషి. రుజువుగా ఫోను తీసి చూపించాడు.

ఫోనులో ఉన్నది పుక్కిటి పురాణమేమీ కాదు. లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో తొమ్మిది అధ్యయనాలను, దాదాపు 1.95 లక్షల మంది వివరాలను కలిపి చూశారు. రోజుకు మూడు కప్పులు, అంతకు మించి తాగేవాళ్లలో పక్షవాతం ముప్పు 21 శాతం తక్కువగా కనిపించింది, కప్పు కూడా తాగనివాళ్లతో పోలిస్తే. తక్కువగా కనిపించింది, అంతే. చాయే తగ్గించిందని అది రుజువు కాదు. ఫోనుల్లో తిరిగి తిరిగి పిట్లం చేరేసరికి ఆ 'కనిపించింది' కనిపించకుండా పోయింది.

పైగా ఆ గుణం ఏదైనా ఉంటే తేయాకుది. మన గిలాసలోకి తేయాకు చుట్టపుచూపుగా వస్తుంది. కాపురం చేసేది పాలూ చక్కెరే. బెర్లిన్‌లో 2007లో 16 మంది ఆడవాళ్ల మీద చిన్న పరీక్ష చేశారు. వట్టి చాయ్ తాగితే రక్తనాళాలు సడలాయి, పాలు కలిపితే ఆ మేలు మాయమైంది. ఇక చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చాయ్‌కి రెండు చెంచాల లెక్కన కాకా ఆ హద్దును మూడో చాయ్‌తోనే ముట్టాడు. ఆయనకు సాయంత్రం ఇంకా మిగిలే ఉంది.

చాయ్ ఒంటరిగా వస్తే బాగుండు. వెంట మిర్చి బజ్జి వస్తుంది. ఇంట్లో తొక్కు ఎదురుచూస్తుంటుంది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటారు, ఒక చిన్న చెంచాడు. సదస్సు లెక్క వేరు: తొక్కు మామిడికాయ గనుక పండ్ల ఖాతా, బజ్జి శనగపిండి గనుక పప్పుల ఖాతా. చాయ్ తర్వాత కాకా బీడీ ముట్టించాడు. తేయాకు మంచిదైతే తునికాకు మాత్రం ఏం పాపం చేసింది? మన నిజామాబాదు, కామారెడ్డి ఆడబిడ్డలు నడుములు పోయేలా కూర్చుని చుట్టిన ఆకాయె!

32 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌స్ట్రోక్' అధ్యయనం 2016లో పది కారణాల పట్టీ ఇచ్చింది. పదింట తొమ్మిది పక్షవాతాల వెనుక ఉన్నవి అవే. పెద్దపీట బీపీది. పొగ, తిండి, షుగరు, మందు, ఒళ్లు కదపకపోవడం అన్నీ ఉన్నాయి. 'చాయ్ తాగకపోవడం' మాత్రం ఎంత వెతికినా లేదు.

చాయ్ మానమని నేననను. అది లేనిదే నాకూ పొద్దు గడవదు. చక్కెర తగ్గించి, గోలీ వేసుకుని, బీడీ పారేసి తాగండి. ఒక్క వేళ మాత్రం చుక్క కూడా వద్దు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట ముద్దయినప్పుడు "జర చాయ్ తాగిపియ్యిండ్రి, తేరుకుంటడు" అనే దయామయులు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ మనిషికి మింగుడు పడకపోవచ్చు, చాయ్ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పావురం నెత్తురు పూసే నాటు వైద్యుడి కోసం మనిషిని పంపకండి. మెదడు స్కానింగు తీసి, నెత్తురు గడ్డ అని తేలితే కరిగించే సూది ఉంది. అది మొదటి నాలుగున్నర గంటల్లో పడాలి. పిట్లం నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్ల పైచిలుకు. గిలాస పక్కన పెట్టి 108 నొక్కండి.