ఫ్రిజ్జు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: జర్మనీ దేశమున, డ్రెస్డెన్ నగరమున, ఒక విద్యార్థి వసతిగృహపు ఉమ్మడి వంటగదిలో ఫ్రిజ్జు తలుపునకు అయస్కాంతముతో అంటించిన నోటీసునకు ఇది తెలుగుసేత. మూలము వచనము. కర్త ఎవరో తెలియదు. బిల్డింగు బాగోగులు చూచు హౌస్‌మైస్టరే యని సంప్రదాయజ్ఞులు. ఒక్క సెమిస్టరు మార్పిడి చదువునకై హైదరాబాదునుండి దిగినవానికి క్రెడిట్లు, కోర్సులు, రెండు వారములలోపు చిరునామా నమోదు, అన్నిటికిని కాగితములిత్తురు. ఈ నాలుగు పాదములకు మాత్రము పాఠము చెప్పువారు లేరు. అందుచే ఈ వ్యాఖ్య.

రాత్రి పదికి మీద రవ్వంత సద్దొద్దు
గాజు సీస వేయు గడువు కలదు
ఆదివారమందు నంగళ్ళు తెరవరు
చెత్తపెట్టె రంగు చిత్తగించు

టీక: రాత్రి పదికి మీద = పది మొదలు తెల్లవారి ఆఱు వఱకు; రవ్వంత సద్దు = గోడ అవతలివానికి వినబడుపాటి చప్పుడు; గడువు = పనిదినములందు పగటివేళ; అంగళ్ళు = పాలు, బియ్యము, కొత్తిమీర దొరకు చోట్లు; చిత్తగించు = కంటితోనేగాక బుద్ధితోను చూడుము.

తాత్పర్యము: పొరుగువానిని నిద్రపోనిమ్ము. సరుకులు శనివారమే తెచ్చుకొనుము. తక్కినది విశేషములందు.

విశేషములు: "రవ్వంత" యనుచోట శ్లేష. ఉప్మారవ్వ వేయించునపుడు గరిటె మూకుడునకు తగులు చప్పుడును నిషిద్ధమేయని ఒకరు. కుక్కరు విజిల్ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. రాత్రి పదిన్నరకు పప్పు పెట్టి మూడు విజిల్స్ వేయించినవానిని ఎవరును తిట్టరు. మఱునాడు తలుపు సందున ఒక చీటీ కనబడును. అది "ప్రియమైన పొరుగువారికి" అని ఆరంభమగును. దానిని స్నేహలేఖ యనుకొనరాదు.

రెండవ పాదమున గాజుసీస యనగా ఖాళీ జాముసీస, పచ్చడిసీస వంటివి. తెలుపు, ఆకుపచ్చ, గోధుమ గాజులకు వేర్వేఱు డబ్బాలు. నీలిగాజు ఆకుపచ్చలో చేరును. బీరుసీసలు ఇందు చేరవు. వానిమీద డిపాజిట్టున్నది: బీరుసీసకు సాధారణముగా 8 సెంట్లు, ఒకమాఱు వాడి పారవేయు ప్లాస్టిక్ సీసకు 25. సూపర్‌మార్కెట్టు యంత్రమున వేసినచో చీటీ వచ్చును. నెలాఖరున ఆ చీటీలతోనే పాలు కొన్నవారు కలరు.

మూడవ పాదము కవిసమయము కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగపు 139వ అధికరణము ఆదివారమును విశ్రాంతిదినముగా రక్షించినది. 1949 నాటి జర్మను రాజ్యాంగము తన 140వ అధికరణముచే దానిని అట్లే నిలుపుకొన్నది. ఇంత ప్రమాణమున్నచోట పూర్వపక్షమునకు తావు లేదు. అపవాదములలో ముఖ్యమైనవి రెండు: పెద్ద రైల్వేస్టేషనులోని దుకాణములు, పొద్దున కొన్ని గంటలు బేకరీలు. మూతపడిన అంగడికన్న, ఊరంతయు ఎవరింట వారుండిపోవుట కొత్తవానికి ఎక్కువ బరువు. ఆ దినము ఎల్బే నది ఒడ్డున నడచువారిలో సగము మంది విదేశీ విద్యార్థులేయని మా అనుమానము.

నాల్గవ పాదము పద్యమునకు ప్రాణము. పసుపు, నీలము, గోధుమ, నలుపు అని పెట్టెలు నాలుగు. ఇంటినుండి వచ్చిన ఆవకాయ ప్యాకెట్టు ఖాళీ అయినచో ప్లాస్టిక్ గనుక పసుపు. కారిన నూనె తుడిచిన కాగితము కాగితమే యైనను నీలమునకు అర్హము కాదు, నలుపు. టీపొడి, కొత్తిమీర కాడలు గోధుమపెట్టెలో వేయవలెను. వానిని ప్లాస్టిక్ సంచితో సహా వేయుట మహాపరాధము. కొట్టువాడిచ్చిన బిల్లును కాగితమని నీలమున వేయుదురు. అది థర్మల్ కాగితము, నల్లపెట్టె సొత్తు. పిజ్జాపెట్టె విషయమున మాత్రము శాస్త్రచర్చ ముగియలేదు: శుభ్రముగానున్న మూతను చించి నీలమున వేయుడని కొందఱు, అంత ఓపిక ఎవరికున్నదని తక్కినవారు. జిడ్డంటిన అడుగు నల్లపెట్టెకేయని ఇరువాదులును ఒప్పుదురు. ఈ పాదము పట్టుబడినవానికి సెమిస్టరు పరీక్షలు సులభముగా తోచును.

ఫలశ్రుతి: నిత్యపఠనముచే చీటీలు రావు, పొరుగువాడు మెట్లమీద "హలో" యనును.

కొత్తగా వచ్చువారికి మనవి: విమానము ఆదివారము దిగునట్లు టికెట్టు కొనకుడు. కొన్నచో పెట్టెలో అటుకులు పెట్టుకొనుడు.