ఊదేది కాదు నాయనా, పీల్చేది!

ఇప్పుడు ఏ ఆపరేషనైనా సరే, మందుల సంచితో పాటు మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇంటికొస్తుంది. పరామర్శకు వెళ్లిన చోటల్లా పేషెంటు దాన్ని బూర ఊదినట్టు ఊదుతుంటాడు. బంతులు కదలవు. "పాడైపోయింది సిస్టరమ్మా" అంటారు. అది ఊదేది కాదు, పీల్చేది! ఆ ముక్క చెప్పే తీరిక ఎవరికీ లేదు. బిల్లులో వేసే తీరిక మాత్రం ఉంది.

మా రోజుల్లో డబ్బాలెక్కడివి? 1978లో నేను నర్సుగా చేరిన వార్డులో మంచం కాళ్లకింద ఇటుకలు పెట్టి, తల పల్లానికి వచ్చేట్టు పడుకోబెట్టి, తెమడ కదిలేలా అరచెయ్యి గుంటగా వంచి వీపుమీద కొట్టేవాళ్లం. డొల్లగా మోగాలి. చెంపదెబ్బలా చప్పుడైందో, హెడ్ సిస్టర్ వచ్చేసేది. వెన్నుపూసమీద పడకూడదు, అన్నం తిన్న వెంటనే చెయ్యకూడదు. తెమడ లాగే సక్షన్ మిషను కాలితో తొక్కేది. తొక్కడం ఆపితే పీల్చడమూ ఆగేది. మోకాళ్ల నొప్పులు ఊరికే రాలేదు నాకు.

అలాగని అప్పుడంతా బాగుందనను. చేత్తో తెమడ కదిలించగలం గానీ, సత్తువ లేనివాడిచేత దగ్గించలేం. నిండా గాలి పీల్చి, గొంతు బిగించి, ఒక్కసారిగా వదిలితేనే దగ్గు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల దగ్గులో గాలి వేగం నిమిషానికి 360 లీటర్లు దాటుతుంది. 160కి దిగితే తెమడ పైకి రాదు. జీబీఎస్ అనే నరాల జబ్బుతో కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లు, కండరాలు క్షీణించే డుషేన్ జబ్బు పిల్లలు, గొంతులో గురగురలాడుతుంటే మావైపు చూసేవాళ్లు. ఆ చూపు తట్టుకోవడం కష్టం.

దానికిప్పుడు కాఫ్ అసిస్ట్ ఉంది. మాస్కులోంచి గాలి నెట్టి, మరుక్షణం వెనక్కి లాగుతుంది. పెద్దవాళ్లకు మామూలుగా అటు 40, ఇటు 40 సెంటీమీటర్ల నీటి పీడనం. కుర్ర డాక్టర్లు కొత్తదంటారు. ఏం కొత్త? 1950ల మొదట్లోనే అమెరికాలో పోలియో రోగులకు ఇలాంటిది వాడారు. గొంతుకు రంధ్రం చేసి ట్యూబు వేసే పద్ధతి పెరిగాక అటకెక్కించారు. 1993లో ఎమర్సన్ కంపెనీ మళ్లీ కిందికి దించింది. నా సర్వీసులో మా వార్డుకు మాత్రం రానేలేదు.

ఇప్పటికి వచ్చింది, సంతోషం. కానీ వాడే తీరు చూడండి. ఈమధ్య ఒకచోట మిషను అమ్మిన కుర్రాడే ఓ పిల్లాడి తల్లికి డెమో ఇస్తున్నాడు. మాస్కు ఓ పక్కనుంచి బుస్సుమంటోంది. అతని కళ్లు తెరమీది అంకెలమీద, పిల్లాడి ఛాతీమీద కాదు. గాలి బయటికి పోతుంటే అంకెలెందుకు? నేనే మాస్కు అదిమిపట్టాను. ఛాతీ లేచింది, తెమడ నోట్లోకొచ్చింది. తీయడానికి సక్షన్ ఏదీ? పక్కగదిలో ఉందట!

ఇంట్లో వాడమని కాఫ్ అసిస్ట్ ఇస్తే, డిశ్చార్జి కాగితం తీసుకుని వచ్చేయకండి. ఆ మిషను మీచేతే పెట్టించి చూడమనండి. ఇంట్లో సక్షన్ ఏర్పాటేమిటో, కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపొస్తుందో అడగండి. విసుక్కుంటే విసుక్కోనీయండి.