17 లక్ష్యాలు, ఒక సిమెంటు రోడ్డు

2015 సెప్టెంబరులో ప్రపంచ దేశాలన్నీ న్యూయార్కులో కూర్చుని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటి కింద 169 ఉప లక్ష్యాలు రాసుకున్నాయి. గడువు 2030. పల్లెటూరి జనం పాపం పదిహేడు ఎక్కడ గుర్తుపెట్టుకుంటారని ఢిల్లీలోని పంచాయతీరాజ్ శాఖ వాటిని కాచి వడపోసి 9 ఇతివృత్తాలు చేసింది: పేదరికం లేని గ్రామం, ఆరోగ్య గ్రామం, బాలల హిత గ్రామం, నీటికి కొదవలేని గ్రామం, ఇలా. ఆ తొమ్మిదీ జిల్లా దాటి, మండలం దాటి, ఊరి పొలిమేరకు వచ్చేసరికి ఒక్కటి మిగిలింది. దాని పేరు సీసీ రోడ్డు.

ఆడపిల్ల చదువుకోవాలా? బడి దాకా సీసీ రోడ్డు. గర్భిణి ఆరోగ్యం బాగుండాలా? ఆసుపత్రి దాకా సీసీ రోడ్డు. భూతాపాన్ని ఎదుర్కోవాలా? మిట్టమధ్యాహ్నం సెగలు కక్కే సీసీ రోడ్డు. సముద్ర జీవుల సంరక్షణ ఒక్కదానికే ఇంకా దారి దొరకలేదు. అదీ పెద్ద కష్టం కాదు, రేవు దాకా ఒకటి మంజూరు చేయించవచ్చు.

దీన్ని అవినీతి అని ఒక్క మాటలో తిట్టేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రోడ్డుకున్న సుగుణం మరి దేనికీ లేదు: దాన్ని కొలవచ్చు. ఇంజనీరు వస్తాడు, టేపు పట్టిస్తాడు, పొడవూ వెడల్పూ మందమూ కొలతల పుస్తకంలో, అదే ఎం.బుక్‌లో ఎక్కిస్తాడు, బిల్లు లేస్తుంది. రక్తహీనతతో ఉన్న బాలింతను ఎం.బుక్‌లో ఏ పేజీలో ఎక్కించాలి? బోరులో నీటిమట్టం అరడుగు పైకొస్తే కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి, శిలాఫలకం ఎక్కడ పాతాలి? బిల్లు పెట్టడానికి వీల్లేని అవసరాన్ని అవసరమనడానికి మన వ్యవస్థకు నోరు రాదు.

ఉపాధి హామీ లెక్కే చూడండి. ఆ చట్టం కింద సామగ్రి ఖర్చు 40 శాతం మించకూడదన్నారు, మిగిలిందంతా కూలికి పోవాలన్నారు. రాసినవాళ్ల ఉద్దేశం కూలీ కడుపు నిండాలని. మనవాళ్లు దాన్ని కింది నుంచి పైకి చదివారు. మే నెల ఎండలో కూలీలు ఎంత మట్టి తవ్వితే అంత సామగ్రి వాటా పుడుతుంది, ఆ వాటాతో సిమెంటు కొనవచ్చు. చెరువులో చెమట కారితే వీధిలో రోడ్డు మొలుస్తుందన్నమాట. కూలీల హాజరు మీద ఫీల్డ్ అసిస్టెంటు నుంచి కలెక్టరు దాకా అంత మమకారం ఊరికే పుట్టలేదు.

రోడ్డు పడ్డాక అసలు కథ మొదలు. పాతదాన్ని తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు కనుక పోసినప్పుడల్లా వీధి జానెడు లేస్తుంది, గడపలు జానెడు దిగుతాయి. వానొస్తే వీధి నీళ్లన్నీ ఇళ్లలోకి. దాంతో మరుసటేటి ప్రాధాన్యం దానంతటదే ఖరారవుతుంది: సైడు కాల్వ. కాల్వ కడతారు. ఆ మురుగు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎస్టిమేటులో ఉండదు. అది పోయి పోయి ఊరి చెరువులో పడుతుంది. చెరువు పాడయిందని పైపులైను మంజూరవుతుంది. పైపు వేయడానికి రోడ్డు తవ్వుతారు. తవ్విన రోడ్డును మళ్లీ... 2030లో ఐక్యరాజ్యసమితి దుకాణం కట్టేసినా ఈ చక్రం ఆగదని నేను హామీ ఇవ్వగలను.

ఇదంతా జనం నిర్ణయమే, గ్రామసభ ఉంది కదా అంటారా? ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపి ప్రపంచ రికార్డు పత్రం కూడా పుచ్చుకున్నారు. అన్ని ఊళ్లకూ ఒకే పూట అవసరాలు గుర్తుకు రావడం నిజంగా రికార్డే. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 14న, 4,500 కోట్ల రూపాయలతో 30 వేల పనుల పల్లె పండుగ మొదలైంది. గోకులాలూ నీటికుంటలూ ఉన్నాయి, కాదనను. కానీ పోస్టరుకెక్కే అంకె 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్లదే. శ్రీకాకుళం వలస వేరు, అనంతపురం దాహం వేరు, కోనసీమ ముంపు వేరు, కోరిక మాత్రం ఒక్కటే. ఇన్ని వేల ఊళ్లు ఒకే గొంతుతో మాట్లాడాయంటే ఆ గొంతు ఊరిదేనా అన్న కుశంక నాలాంటి పనిలేనివాళ్లకే వస్తుంది.

అయినా నిర్ణయించుకోవడానికి ఊరి చేతిలో ఏముంది? 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుధ్యానికీ ముడివేసే పంపారు. మిగతాదైనా మనదే కదా అని సర్పంచులు సంబరపడుతుండగా ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం ఆర్థిక సంఘం సొమ్మును పంచాయతీల కరెంటు బకాయిల కింద జమకట్టుకుంది. సర్పంచులు రోడ్డెక్కారు. ఎక్కడానికి రోడ్డయితే ఉంది.

తెలంగాణ అంతకంటే పొదుపైన పద్ధతి కనిపెట్టింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా పంచాయతీలను సర్పంచులే లేకుండా ప్రత్యేకాధికారులతో నడిపింది. ఎన్నికైన పాలకవర్గం లేదని ఢిల్లీ గ్రాంటు ఆపింది. చెత్త ట్రాక్టరుకు డీజిలు కార్యదర్శులు సొంత జేబులోంచి పోయించారు. సరిగ్గా ఆ కరువులోనే, 2025 ఏప్రిల్‌లో, కేంద్రం 435 సూచికలతో పంచాయతీల పురోగతి సూచీ విడుదల చేసింది. దేశం మొత్తం మీద పై మెట్టు ‘అచీవర్’ ఒక్కటీ లేదు. దాని కింది ‘ఫ్రంట్ రన్నర్’ మెట్టుపై 699 ఉంటే అందులో 270 తెలంగాణవి, గుజరాత్ తర్వాత రెండో స్థానం. మార్కులు 2022-23వి. ప్రోగ్రెస్ కార్డు వచ్చేనాటికి పిల్లాడు బడిలోనే లేడు, అందుకని చప్పట్లు ప్రత్యేకాధికారి కొట్టించుకున్నాడు.

ప్రాధాన్యాలను డబ్బే కాదు, భయం కూడా తేలుస్తుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సర్పంచి పదవికీ కార్యదర్శి ఉద్యోగానికీ ఎసరు. మంచిదే, మొక్కలు బతకాలి. నర్సరీలో మొక్క ఎండితే నోటీసు వస్తుంది, అంగన్‌వాడీలో పిల్ల ఎండితే ఎవరికీ రాదు.

‘మహిళా హిత గ్రామం’ అని ఒక ఇతివృత్తముంది. రెండు రాష్ట్రాల్లోనూ సగం పదవులు ఆడవాళ్లవే. చాలా ఊళ్లలో ఆ ఇతివృత్తాన్ని సభకు వివరించేది సర్పంచిగారి భర్త. మహిళలకు పెద్దపీట వేశామని ఆయనే చెబుతాడు. పీట వేసిన మాట నిజమే, ఆయన దానిమీద కూర్చునే మాట్లాడతాడు.

అన్నిచోట్లా ఇంతేనా అంటే కాదు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి ఉంది. నీళ్లకొక కమిటీ, పారిశుధ్యానికొక కమిటీ వేసుకుని తన ప్రాధాన్యాలు తానే తేల్చుకున్న ఊరు. అందుకు శిక్షగా ఏళ్ల తరబడి పరిశీలన యాత్రల బస్సులు భరిస్తోంది. దిగినవాళ్లు ఫొటోలు దిగుతారు, భోజనం చేస్తారు. ఇంటికెళ్లి అక్కడి రోడ్లు బాగున్నాయని చెబుతారు.

2025 ఆగస్టులో పంచాయతీరాజ్ శాఖ ‘సభాసార్’ అనే కృత్రిమ మేధ పనిముట్టు తెచ్చింది. గ్రామసభ రికార్డింగు ఇస్తే మినిట్స్ తనే రాసిపెడుతుంది. ఇన్నాళ్లకు గ్రామసభలో జనం చెప్పేది చివరిదాకా వినే ప్రాణి ఒకటి దొరికింది, ప్రాణం లేకపోతేనేం. దాన్ని తెలంగాణలో ఏదో ఒక ఊళ్లో పెట్టారనుకుందాం. ఒక ముసలమ్మ లేచి తమ గల్లీ మోరీ సంగతి ఎత్తింది. కార్యదర్శి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అడిగాడు:

“అది క్లీన్ అండ్ గ్రీన్ కిందికి వస్తదా అవ్వా, వాటర్ కిందికి వస్తదా? ఒక్కటే నొక్కాలె.”

“ఏ కిందికి వస్తదో నాకేమెరుక బిడ్డా, మా మంచం కిందికైతే వస్తున్నది.”

యంత్రం రాసుకుంది: “పారిశుధ్యంపై విస్తృత చర్చ జరిగినది. సభ్యులు హర్షం వ్యక్తం చేసినారు. తీర్మానం ఏకగ్రీవం.”