పొరపాటు జరిగినది

తప్పులు పట్టుటకై ప్రతి వంశమునను ఒకడు పుట్టునని పెద్దలు చెప్పలేదు గాని చెప్పవలసినదే. మా వంశమున ఆ భారమును మా చిన్నాయన వహించియున్నాడు. రాయచూరి దాపున, 800 మెగావాట్ల యంత్రములు రెండు గల విద్యుత్కేంద్రమువలన నేడు పేరెన్నిక గన్న యరమరస్ ఆయన నివాసము. నలువది యేండ్లు పత్తిమిల్లులో లెక్కలు వ్రాసి ఆయన విరమించెను గాని, ఆనాటి యెఱ్ఱ పెన్సిలు మాత్రము ఇంకను ఉద్యోగము చేయుచునే యున్నది.

శుభలేఖ చేతికి వచ్చినచో ఆయన ముహూర్తము చూడడు, అక్షరములు చూచును. ఒక పెండ్లిపత్రికలో అర్ధాంగి యను మాట థకారముతో అచ్చుపడగా, "అర్థమంటే ధనం, అర్ధమంటే సగం. వీళ్లకు పిల్ల కావాలనా, పైకం కావాలనా?" అని పందిట్లో అందఱును వినునట్లు అడిగి, వియ్యపురాలి ముఖమున కత్తివేటుకు నెత్తురుచుక్క లేకుండ చేసెను. చావుకబురు తెచ్చిన జాబులోనైనను 'మధ్యాన్నము' కనబడినచో, ముందుగా దానికి హకారము చేర్చి, పిమ్మట కన్నీరు పెట్టుకొనును. అచ్చుతప్పులను 'అప్పుతచ్చు'లని పరిహాసముగా అన్నవారిని సయితము ఆయన క్షమింపడు. ఆ పరిహాసమును గూడ దిద్దును.

ఇంతటివానికి తానై తప్పు దొరలదా యని మీరడుగవచ్చును. దొరలును, కాని యది తప్పు కాదు. ఆయన వ్యాకరణమున తప్పు ఇతరులు చేయునది, పొరపాటు తనకు జరుగునది. "నువ్వు తప్పు చేసినావు" అన్నప్పుడు కర్త చేతులు కట్టుకొని ముందు నిలువవలసినదే. "పొరపాటు జరిగింది" అన్నప్పుడు మాత్రము ఆ కర్త యెక్కడ దాగెనో చిన్నయసూరి దిగివచ్చినను వెదకి పట్టలేడు. దారి తప్పుదుము, గురి తప్పుదుము, సంతలో పిల్లవాడు తప్పిపోవును. అవశ్యము జరుగవలసినదానిని 'తప్పదు' అందుము. తప్పుట మానవునకు తప్పదని మాటయే ఇంత విప్పి చెప్పుచుండగా, ఆయన ఆ న్యాయమును తన గడప లోపలనే అమలు జరుపుకొనును.

ఇందుకు యరమరస్ ఆయనకు దొరకిన వరము. 1948 వఱకు నైజాము ఏలుబడి, 1956 నవంబరు 1 మొదలు మైసూరు రాష్ట్రము, 1973 నుండి కర్ణాటకము. ఏలికలు మాఱినకొలది మా సీమ నోటికి భాషలు చేరినవే గాని ఒకటియు వీడిపోలేదు. తెలుగున చిక్కిపోదునని తోచినపుడు ఆయన "తప్పాయ్తు" అని కన్నడమునకు దాటును. అచట తప్పు అయినదే గాని ఎవరును చేయలేదు. అచటికిని వెంబడించినచో "గల్తీ హోగయీ" అని ఉర్దూలో తలదాచుకొనును. అదియును తనంతట తానే అయిపోయినది. మూడు భాషలలోను చేసినవాడు లేకుండగనే ఇన్ని తప్పులెట్లు పుట్టుచున్నవో ఆ పరమాత్మకే తెలియవలెను.

ఒకపరి, బొంబాయి దారియు మద్రాసు దారియు 1871లో కలిసికొనిన ఆ రాయచూరు స్టేషనులోనే, టీకొట్టు ధరలపట్టికను దిద్దుచు ఆయన నిలిచియుండగా గుంతకల్లు పోవు బండి కదలిపోయినది. ఇల్లు చేరి చిన్నమ్మతో, "బండి తప్పింది" అనెను. తెలుగుభాష యెంత దయామయి! తప్పినది ఆయన కాదు, బండి. చిన్నమ్మ జొన్నరొట్టె తట్టలో వేయుచు, "పోనీలే, పట్టాలు తప్పలేదు, అదే పదివేలు" అని ఊరకున్నది.

అయినను నాచేత ఓనమాలు దిద్దించినది ఆ చేయియే. నా మొదటి ఉద్యోగపు దరఖాస్తును ఏడుమాఱులు తిరుగ వ్రాయించి, ఎనిమిదవ దానిని మండుటెండలో రాయచూరికి నడచిపోయి తానే తపాలాలో వేసి వచ్చెను. అందుచేత, అచ్చునకు పంపకమునుపు ఈ వ్యాసమును ఆయనకు చూపితిని. తన్ను గూర్చిన యెగతాళిలో ఒక్క ముక్కనైనను ఆక్షేపింపలేదు. నేను 'స్కాలిత్యము' అని వ్రాసినచోట మాత్రము కకారమును కొట్టివేసి ఖకారము చేసెను.

నా యొడలు పులకరించినది. ఇన్నేండ్లకు చిక్కెను గదా! ఆ రాత్రి ఆనందముచేత నాకు నిదుర పట్టలేదు. ఆ యానందమును బట్టియే నాలోనున్నది ఎవరి రక్తమో నేను గ్రహింపవలసియుండెను. తెల్లవాఱి నిఘంటువు తెఱచితిని. ఖకారమే! తప్పు అను నర్థము గల మాటనే తప్పుగా వ్రాసితిని.

ఆయన యెదుట నిలిచి, తల గోకికొనుచు, "పొరపాటు జరిగింది చిన్నాయనా" అంటిని.

ఆయన పెన్సిలు చెవిపై నుంచుకొని, మిక్కిలి ప్రేమతో నడిగెను: "ఎవరు చేసిరి నాయనా?"